దొరస్వామి గారు పంచిన దారులు

ఈమధ్య రేణిగుంట స్టేషనులో దిగి, ఇంటికి రావడానికి ఒక టాక్సీ ఎక్కాను. ఫోనును ముందు అద్దానికి అతికించే పట్టీ ఊడి కిందికి జారుతోంది. డ్రైవరు దాన్ని తీసి, వెనక ఉన్న రబ్బరు గిన్నెను నోటి దగ్గర పెట్టుకొని వేడి ఊపిరి ఊది, అద్దానికి గట్టిగా అదిమాడు. చప్‌మని చిన్న చప్పుడు అయింది. ఎండకు కాగిన రబ్బరు వాసన ముక్కుకు తగిలింది. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఏసీ పెంచమంటారా మేడం అని అతను అడిగితే వద్దని చెయ్యి ఊపాను. ఆ రబ్బరు గిన్నెకు సరిగ్గా అలాగే ఊపిరి ఊది అద్దానికి అంటించే మనిషి నాకు ఒకరు ఉండేవారు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆయన గురించి రాయాలని ఎన్నోసార్లు కూర్చొని, రాయలేక లేచిపోయాను. ఈసారి రాస్తున్నాను.

దొరస్వామి గారు పూతలపట్టు దగ్గర మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీలో కొనుగోళ్ల మేనేజరు. నేను ఆయన ఆఫీసులో కంప్యూటరు పని చేసేదాన్ని. మాది చంద్రగిరి. డిగ్రీ అయిపోగానే ఆ ఉద్యోగంలో చేరాను. ఆయన పొడుగాటి మనిషి, కొంచెం ముందుకు వంగి నడిచేవారు. ఏ చొక్కా వేసుకున్నా జేబు అంచున మామిడి సొన మరక ఒకటి ఉండేది. సీజనులో ట్రాక్టర్లు, లారీలు ఫ్యాక్టరీ గేటు నుంచి రోడ్డు దాకా నిలబడి ఉంటే ఆయనకు భోజనం చేసే తీరిక కూడా ఉండేది కాదు. కాయలు అయిపోయాక మాత్రం ఆఫీసు బడికి సెలవులిచ్చినట్టు ఉండేది. అప్పుడు ఆయన తన పాత కారు తీసుకొని, భార్య కమలక్కను పక్కన కూర్చోబెట్టుకొని, జిల్లాలో రోడ్డు ఉన్న ప్రతి చోటికీ తిరిగేవారు. గుళ్లకు కాదు, చుట్టాల ఇళ్లకు కాదు. ఊరికే దారి చూడటానికి. మా ఆఫీసులో అందరూ అది ఆయనకున్న చిన్న పిచ్చి అనుకొని నవ్వుకొనేవారు. వాళ్లకు పిల్లలు లేరు. ఉన్న ముచ్చటంతా ఆ తిరుగుడే.

నాకు కారు నడపడం నేర్పింది ఆయనే. నేను రోజూ రెండు బస్సులు మారి వచ్చేదాన్ని. ఒకరోజు ఆలస్యమైతే, "డ్రైవింగ్ నేర్చుకో హేమా. ఆఫీసు జీపు ఊరికే నిలబడి ఉండాది కదా" అన్నారు. ఇంట్లో చెబితే మా నాయన ఒప్పుకోలేదు. ఆడపిల్లకు స్టీరింగ్ ఏంటికి అన్నాడు. ఆ సంగతి తెలిసి దొరస్వామి గారు ఒక ఆదివారం పొద్దున తన కారులో మా ఇంటికే వచ్చారు. కాఫీ తాగి, మా నాయనతో, "అప్పా, నువ్వు ఒక్కసారి వెనక సీట్లో కూసో. నీ బిడ్డ తోలితే భయమేస్తే ఆడనే దిగిపో. మళ్లీ నేను ఆ మాట ఎత్తను" అన్నారు. మా నాయన మొహమాటానికి ఎక్కి కూర్చున్నాడు. అప్పటికి ఫ్యాక్టరీ ఆవరణలో జీపు మీద నేర్చుకున్నది, బండి నిలపడం, కదిలించడం మాత్రమే. కోట ముందు నుంచి రాజమహల్ వైపు వెళ్లే ఖాళీ రోడ్డులో, చేతులు చెమట పట్టిపోతుండగా, నడక కన్నా కొంచెం వేగంగా నడిపాను. వెనక నుంచి ఒక్క మాట లేదు. ఇంటికి వచ్చాక మా నాయన అమ్మతో, "బాగానే కూసోబెట్టుకొని తిప్పింది" అన్నాడు. నా జీవితంలో ఒక తలుపు తెరుచుకోవడానికి అంతకంటే పెద్ద మాట అవసరం లేకపోయింది.

కారు నడపడంతోపాటు ఆయన నాకు ఇంకొకటి కూడా నేర్పారు. ఒకసారి తోటల లెక్క చూడటానికి భాకరాపేట కనుమ మీదుగా వెళ్తున్నాం. ఒక మలుపు దగ్గర ఆపమన్నారు. ఇంజను కట్టేయమన్నారు.

"ఏం కనిపిస్తా ఉండాది?" అని అడిగారు.

"కొండ సార్."

"కొండ యాడికీ పోదులే. ఇంకా సూడు."

చూశాను. మొదట ఏమీ కనిపించలేదు. తర్వాత బండల మీద ఎండ కదులుతున్నట్టు అనిపించింది. మేఘం నీడ ఒకటి వాలు మీదుగా నెమ్మదిగా దిగి వచ్చి వేరుశనగ చేలలో పడింది. అక్కడ గొర్రెల మంద ఒకటి దుమ్ము లేపుకుంటూ పోతోంది. ఆ దుమ్ము ఎర్రగా, నీడలోకి వెళ్లగానే నల్లగా మారింది. ఆ జిల్లాలోనే పుట్టి, ఆ రోడ్లలోనే బస్సు కిటికీకి తల ఆనించి నిద్రపోతూ తిరిగినదాన్ని నేను. ఆ రోజు నాకు ఎందుకో ఏడుపు వచ్చినంత పనైంది. ఆయన అది గమనించి, "పోదాం పా" అన్నారు. కూలి కోసమో కాయల కోసమో తప్ప నేలను చూడటం తెలియని ఇంట్లోంచి వచ్చిన నాకు, చూడటం కోసమే చూడవచ్చని చెప్పిన మొదటి మనిషి ఆయన.

కార్లలో పెట్టుకొనే దారి చూపించే యంత్రాలు అప్పుడే మన వైపు రావడం మొదలైంది. ఫోన్లలో మ్యాపులు ఇంకా లేవు. చెన్నై నుంచి వచ్చిన ఒక వ్యాపారి కారులో దొరస్వామి గారు దాన్ని చూశారు. అప్పటినుంచి ఆయనకు నిద్ర లేదు. నాచేత ఇంటర్నెట్టులో వాటి వివరాలన్నీ వెతికించి, అచ్చు తీయించి, మధ్యాహ్నం భోజనం చేస్తూ చదివేవారు. "కొండకు వస్తారు హేమా, దండం పెట్టుకుంటారు, వచ్చిన హైవేలోనే తిరిగి పోతారు. ఈ జిల్లాలో ఇంకేమీ లేదనుకుంటారు. నేను ఒక్కొక్కరి కార్లో కూసొని దారి సెప్పలేను కదా" అనేవారు. చివరికి ఒక శనివారం ఆయన, కమలక్క, నేను చెన్నై వెళ్లాం. ఎలక్ట్రానిక్ దుకాణాలన్నీ ఒకే సందులో ఉండే చోట, ఇరుకైన ఒక కొట్టులో, తెలుగు బాగా వచ్చిన దుకాణదారుడు మూడు పెట్టెలు తెరిచి బల్ల మీద పెట్టాడు.

మొదటిదానికి పెద్ద తెర, గట్టి గొంతు. కానీ అది తనకు తెలిసిన దగ్గరి దారో, తొందరగా వెళ్లే దారో మాత్రమే చూపిస్తుంది. మనకు నచ్చిన చోట్ల గుండా వెళ్లమంటే వినదు. రెండోది కొండలెక్కేవాళ్లు చేతిలో పట్టుకొనేది. మ్యాపు లేని చోట కూడా మనం నడిచిన దారిని గీతలా దాచుకుంటుంది. కానీ తెర అగ్గిపెట్టెంత. కారు నడుపుతూ చూస్తే కళ్లు పోతాయి. మూడోది ఈ రెంటికీ మధ్యది. కంప్యూటరులో మనకు కావలసిన చోట్లను వరుసగా గుర్తుపెట్టి దారి తయారుచేసి దానిలోకి ఎక్కించవచ్చు. కారు తిరిగిన దారిని అదే గుర్తుపెట్టుకుంటుంది, దాన్ని బయటికి తీసి ఎవరికైనా పంపవచ్చు. దొరస్వామి గారు మూడింటినీ సందు చివర ఎండలోకి తీసుకువెళ్లి చూశారు. పెద్ద తెర ఎండలో తెల్లగా పాలిపోయింది. దుకాణదారుడు చెమట తుడుచుకుంటూ, "అందరూ తొందరగా పొయ్యే దారి అడుగుతారు సార్. మీరు సుట్టు దారి అడుగుతా ఉండారు" అన్నాడు.

"తొందరగా పోవాలంటే డబ్బా ఏంటికప్పా, హైవే ఉండాది కదా" అన్నారు ఈయన. తర్వాత మూడోదాన్ని చేతిలోకి తీసుకొని, "నేను పోయిన దారిని ఇంకొకరికి పంపిస్తే, నేను లేకుండానే వాళ్లు ఆ దారిన పోగలరా?" అని అడిగారు.

"పోతారు సార్. మీరు పక్కన కూసొని సెప్పినట్టే ఉంటుంది."

ఆయన ముఖంలో కనిపించిన సంతోషం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఇంకేమీ అడగలేదు. దాన్నే కొన్నారు. తిరుగు ప్రయాణంలో కమలక్క దాన్ని ఒడిలో పెట్టుకొని, పసిబిడ్డను చూసినట్టు చూసుకుంటూ వచ్చింది.

ఆ తర్వాత రెండేళ్లు ఆయన జీవితంలో అన్నిటికన్నా మంచి రోజులని అనుకుంటాను. సీజను లేని ప్రతి ఆదివారమూ ఒక దారి. బయల్దేరే ముందు యంత్రం వెనక ఉన్న రబ్బరు గిన్నెకు ఊపిరి ఊది అద్దానికి అదిమేవారు. నేనూ తరచుగా వెళ్లేదాన్ని. మా ప్రాంతం ఆ యంత్రం మ్యాపులో సగం ఖాళీ. పల్లెల పేర్లు లేవు, చిన్న రోడ్లు లేవు. తెల్లటి తెర మీద మా కారు ఒక్కటే కదులుతూ, వెనక సన్నటి గీతను వదులుతూ పోయేది. సోమవారం ఆఫీసులో భోజనాల వేళ నేను ఆ గీతను కంప్యూటరులోకి దించేదాన్ని. ఆయన తెలుగులో చెప్పేవారు, నేను ఇంగ్లీషులో రాసేదాన్ని. ఎక్కడ ఆగాలి, ఎక్కడ చింతచెట్లు రోడ్డు మీద పందిరిలా కలిశాయి, ఏ ఊళ్లో టీ బాగుంటుంది. దూర ప్రయాణాలు చేసేవాళ్లు కబుర్లు రాసుకొనే ఒక వెబ్‌సైటు ఉండేది. గీతనూ మాటలనూ కలిపి అందులో పెట్టేవాళ్లం. మొదట ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత ఒకరిద్దరు వెళ్లొచ్చి ఫోటోలు పెట్టారు. తర్వాత పదులు, వందలు. చెన్నై నుంచి, బెంగుళూరు నుంచి కుటుంబాలు. ఒకసారి ఒక జంట దారి వెతుక్కుంటూ ఫ్యాక్టరీకే వచ్చి, స్వీట్ల డబ్బా ఇచ్చి, ఆయన కాళ్లకు దండం పెట్టి పోయారు. ఆయన చాలాసేపు సిగ్గుపడుతూ కూర్చున్నారు.

తూర్పు వైపు కొండల్లోని ఒక కోనకు మేము వెళ్లింది వేసవి మొదట్లో. దారిలో ఒకచోట పొరపాటున మామిడి తోటలోకి తిరిగి, మోటారు గది దాకా వెళ్లి, కారు వెనక్కి తిప్పుకొని వచ్చాం. గీతలో ఆ తప్పుదారి చిన్న తోకలా కనిపిస్తుంటే, తీసెయ్యనా సార్ అని తర్వాత అడిగాను. "ఉండనీలే. వాళ్లు కూడా ఒకసారి తోటలోకి పోయి తిరుక్కొని వస్తారు" అని నవ్వారు. తారురోడ్డు అయిపోయాక మట్టి బాట, ఆపైన వాగు పక్కన కాలిబాట. చివర కొండ చీలికలోంచి నీళ్లు పడే గుండం. ఆ రోజు గుండంలో నీళ్లు మోకాలి లోతే. అడుగున గులకరాళ్లు లెక్కపెట్టేంత తేటగా ఉన్నాయి. కమలక్క చీర కొంచెం ఎత్తిపట్టి నీళ్లలో నిలబడి, చిన్నపిల్లలా ఇక్కడే ఉండిపోదామని అంది. ఆ ఆనందంలోనే ఆయన చెప్పారు, నేను రాశాను: పిల్లలు కూడా దిగి స్నానం చేయవచ్చు. అది నిజమే. మేము చూసిన రోజున అది పూర్తిగా నిజం.

వానలు బాగా పడిన ఆ కార్తీకంలో, ఒక సోమవారం పేపరులో జిల్లా వార్తల మధ్య చిన్న ముక్క వచ్చింది. చెన్నై నుంచి స్నేహితులతో వచ్చిన ఒక యువకుడు కోనలోని గుండంలో దిగి మునిగిపోయాడు. దొరస్వామి గారు ఆ పేపరు నా బల్ల మీద పెట్టి, "ఇది మన కోనేనా?" అని అడిగారు. వెబ్‌సైటు తెరిచాను. మేము పెట్టిన దారి కింద, చనిపోయిన అబ్బాయి స్నేహితుడు ఒకడు అప్పటికే రాశాడు. మేము ఈ దారిని పట్టుకొనే వెళ్లాం, పిల్లలు కూడా దిగవచ్చని ఇక్కడ చదివాం, మా కార్తీక్ ఇక లేడు. తిట్టు ఒక్కటీ లేదు. ఆయనకు చదివి వినిపించాను. మళ్లీ చదవమన్నారు. మళ్లీ చదివాను. ఆయన కుర్చీలో కూర్చొని తన చేతులు చూసుకుంటూ ఉండిపోయారు.

"వానాకాలంలో దిగొద్దని ఒక్క మాట సెప్పలేదు నేను" అన్నారు. "నాకు తోచనే లేదు హేమా. మనం పోయింది ఎండల్లో కదా. నాకు తోచనే లేదు."

వెబ్‌సైటు వాళ్లకు రాస్తే ఆ దారిని వెంటనే తీసేశారు. కానీ అప్పటికే దాన్ని ఎందరో తమ యంత్రాల్లోకి దించుకొని ఉన్నారు. వాళ్లు ఎవరో మాకు తెలియదు. వాళ్లు ఇంకెవరికి ఇచ్చారో అసలే తెలియదు. ఆయన నన్ను పదే పదే అదే అడిగేవారు. "పంపించినదాన్ని వెనక్కి తెచ్చేదానికి ఏ దారీ లేదా?" లేదు సార్ అని పదే పదే చెప్పాల్సి వచ్చేది. తప్పు మీది కాదని నేను అన్నాను, కమలక్క అంది, ఫ్యాక్టరీలో అందరూ అన్నారు. ఆ మాట ఆయన చెవి దాకా వెళ్లేది, లోపలికి వెళ్లేది కాదు.

నెల తిరగకముందే, వెబ్‌సైటు వాళ్లను అడిగి మా చిరునామా కనుక్కొని, ఒక పెద్దాయన ఆఫీసుకు వచ్చారు. తెల్ల చొక్కా, చేతిలో చిన్న కెమెరా. పుత్తూరు వైపు నుంచి ఎప్పుడో చెన్నై వెళ్లి స్థిరపడిన మనిషి. వాకిట్లోనే నిలబడి, "నా పేరు వరదరాజులు. ఆ కోనలో పోయినవాడు నా కొడుకు" అన్నారు. దొరస్వామి గారు లేవబోయారు. వరదరాజులు గారే దగ్గరికి వచ్చి, "గొడవ పెట్టేదానికి రాలేదు సార్. మావాడు కారు కొని రెండు నెలలు కూడా కాలేదు. కడాసారి యా దారిన పోయినాడో నేను సూడాల. మీరే సూపించాల" అన్నారు.

దొరస్వామి గారు కారు తాళాలు నా చేతిలో పెట్టారు. నేను నడిపాను. వరదరాజులు గారు ముందు కూర్చున్నారు. యంత్రం పెట్టమన్నారు. ఆ దారిని దాన్లో తెరిచి, దొరస్వామి గారు వెనక సీట్లోకి వెళ్లి మూలకు ఒదిగి కూర్చున్నారు. వరదరాజులు గారి ఒడిలోని కెమెరా కొడుకుది, అందులో ఆ రోజు ఫోటోలు ఉన్నాయి. ఒక్కొక్కటే చూస్తూ, బయట చూస్తూ, సరిపోయిన చోట ఆపమనేవారు. చింతచెట్ల పందిరి కింద ఆపాను. ఫోటోలో అదే పందిరి, కొత్త కారు, దాని మీద చెయ్యి ఆనించి నవ్వుతున్న అబ్బాయి. వరదరాజులు గారు దిగి, ఆ అబ్బాయి నిలబడ్డ చోటే కాసేపు నిలబడి వచ్చారు. యంత్రం ఎడమకు తిరగమంటే తిరిగాను. అది మామిడి తోటలోకి వెళ్లే తప్పుదారి. "మావాడు ఈడికి కూడా వచ్చినాడా?" అని అడిగారు. నేను తల ఊపాను. కెమెరాలో వెతికితే మోటారు గది ముందు తీసుకున్న ఫోటో ఒకటి ఉంది. నలుగురు కుర్రాళ్లు పొట్ట పట్టుకొని నవ్వుతున్నారు.

మట్టి బాట చివర యంత్రంలోని ఆడగొంతు, గమ్యం చేరుకున్నారని ఇంగ్లీషులో చెప్పింది. దొరస్వామి గారు దాన్ని ఆపడానికి వెనక నుంచి చెయ్యి చాపారు. "ఉండనీండి సార్" అన్నారు వరదరాజులు గారు. ముగ్గురం వాగు పక్కన నడిచాం. గుండం నిండుగా, నల్లగా ఉంది. అడుగు కనిపించలేదు. మేము చూసినది ఇదేనా అని నాకే అనుమానం వచ్చింది. కెమెరాలో చివరి ఫోటో, గుండం పక్క బండ మీద వరుసగా విప్పి పెట్టిన నాలుగు జతల చెప్పులు. ఆయన ఆ బండను గుర్తుపట్టి, వంగి, అరచేతితో దాన్ని తడిమారు. ఏడవలేదు. కారులో తిరిగి వచ్చేటప్పుడు వరదరాజులు గారు వెనక సీటు వైపు తిరిగి, "మంచి దారి సార్. మావాడు సంతోసంగానే పోయినాడు. ఫోటోల్లో తెలస్తా ఉండాది" అన్నారు.

దొరస్వామి గారు కారు ఆపమన్నారు. దిగి, కల్వర్టు గోడ మీద కూర్చొని, రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నారు. వరదరాజులు గారు వెళ్లి ఆయన పక్కన కూర్చొని, భుజం మీద చెయ్యి వేశారు. కొడుకును పోగొట్టుకున్న మనిషి ఈయనను ఓదారుస్తున్నాడు. నేను స్టీరింగ్ ముందు నుంచి కదలలేకపోయాను. ఆయన తిట్టి ఉంటే, కొట్టి ఉంటే దొరస్వామి గారు బతికి ఉండేవారని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ వచ్చే ఆదివారం నుంచి ఆయన, తారురోడ్డు నుంచి కోనకు మట్టి బాట చీలే మలుపు దగ్గర కారు అడ్డంగా నిలిపి నిలబడటం మొదలుపెట్టారు. వచ్చిన ప్రతి బండినీ ఆపి, "నీళ్లలో దిగొద్దండి, లోతు తెలవదు, ఒక బిడ్డ పోయినాడు" అని చెప్పేవారు. కొందరు వినేవారు. కొందరు, నువ్వెవరని అడిగేవారు. కొందరు ఆయనను మతి తప్పిన ముసలాయన అనుకొని పక్క నుంచి పోనిచ్చేవారు. అటవీ శాఖ వాళ్లకు, పోలీసులకు చెప్పి చూశారు. ఒక బోర్డు పాతారు. దాని మీద ఎవరో పేర్లు చెక్కుకున్నారు. కమలక్క గొడుగు పట్టుకొని ఆయనతోపాటు వెళ్లేది. ఒకరోజు నాతో, "మీ సారు ఆదివారం నిలబడతాడు. సోమవారం ఎవురు నిలబడతారు హేమా? ఈ మనిషికి ఎట్ల సెప్పేది?" అంది.

తర్వాతి ఏడాది వానలకు, వారం మధ్యలో, ఒక అన్నా, చెల్లెలూ ఆ గుండంలోనే పోయారు. చెల్లెలు జారితే అన్న దూకాడట. వార్త చదివి దొరస్వామి గారు ఆఫీసుకు వచ్చారు. "ఇది మనది కాదు కదా హేమా? మనం తీసేసినాం కదా" అన్నారు. అడుగుతున్నది కాదు, బతిమాలుతున్నారు. వెతికాను. వేరే ఒక వెబ్‌సైటులో, ఎవరిదో తెలియని పేరుతో, ఆ కోనకు దారి ఉంది. తెరిచాను. గీత మెలికలు తిరుగుతూ వచ్చి, మధ్యలో ఒకచోట చిన్న తోకలా పక్కకు వెళ్లి వెనక్కి వచ్చింది. మామిడి తోట, మోటారు గది. నేను తెర మూసేలోపే ఆయన చూశారు. లేచి, గోడ పట్టుకొని నడుచుకుంటూ బయటికి వెళ్లిపోయారు.

తర్వాతి మామిడి సీజను మొదలు కాకముందే ఉద్యోగం మానేసి చిత్తూరులోని తన ఇంటికే పరిమితమయ్యారు. కారు అమ్మేశారు. ఆ యంత్రాన్ని ఏం చేశారో నాకు తెలియదు, అడగలేదు. మళ్లీ ఏ కారులోనూ ఎక్కలేదు. ఆసుపత్రికి కూడా ఆటోలోనే. నెలకొకసారి చూడటానికి వెళ్లేదాన్ని. వసారాలో వీధి వైపు వీపు పెట్టి కూర్చొని ఉండేవారు. నా ఉద్యోగం గురించి, పెళ్లి గురించి, మా నాయన ఆరోగ్యం గురించి అన్నీ అడిగేవారు. నేను లేవబోయేటప్పుడు మాత్రం, "ఆడ ఇప్పుడు ఎవురన్నా నిలబడతా ఉండారా?" అనేవారు.

"గేటు పెట్టినారు సార్. కాపలా మనిషి ఉండాడు" అనేదాన్ని. గేటు పెట్టిన మాట నిజం. కాపలా మనిషి లేడు. గేటు కింద నుంచి దూరి పోతున్నారని అందరికీ తెలుసు. ఆయన తల ఊపేవారు. మరుసటి నెల మళ్లీ అదే అడిగేవారు. చెప్పిన మాట నమ్మారో, నేను చెప్పే తీరు వినడానికే అడిగేవారో తెలియదు.

అలా నాలుగేళ్లు గడిచాయి. ఒక చలికాలం పొద్దున కమలక్క ఫోను చేసింది. నిద్రలోనే పోయారని అందరూ పుణ్యాత్ముడన్నారు. ఆ నాలుగేళ్లూ ఆయన నిద్ర ఎలాంటిదో కమలక్కకు తెలుసు, నాకు కొంత తెలుసు. అంత్యక్రియలకు ఫ్యాక్టరీ వాళ్లు, వీధి వాళ్లు వచ్చారు. ఆయన దారులు పట్టుకొని ఈ కొండలు చూసి, సంతోషపడి, కృతజ్ఞతలు రాసిన ఆ వందల మందిలో ఒక్కరు కూడా రాలేదు. రాలేదని తప్పు పట్టలేను. వాళ్లకు ఆయన ఎవరో తెలియదు. దండం పెట్టి పోయిన ఆ జంటకు కూడా కబురు పెట్టే మార్గం మాకు లేదు. కమలక్క ఏడుస్తూ, "ఆ కొట్టోడు మూడోది సూపించకుండా ఉండింటే సాలు" అని ఒక్క మాట అంది. మొదటిదో రెండోదో కొని ఉంటే ఏమయ్యేదో అని నేను కూడా ఎన్నోసార్లు ఆలోచించాను. ఆ ఆలోచన ఎటు తిప్పినా ఎక్కడికీ తీసుకువెళ్లదు.

నాకు ఇప్పుడు సొంత కారు ఉంది. పలమనేరు కనుమ దిగేటప్పుడో, పీలేరు పోయేటప్పుడో, మంచి మలుపు వస్తే ఇప్పటికీ ఆపి, ఇంజను కట్టేసి, చూస్తాను. ఆ చూపు ఆయన ఇచ్చింది. అది పోలేదు. చూసింది ఇంకొకరికి చెప్పాలన్న కోరిక కూడా ఆయనే ఇచ్చారు. అది మాత్రం నాలో చచ్చిపోయింది. మా ఆఫీసు పిల్లలు ఆదివారం ఎక్కడికి వెళ్లవచ్చు మేడం అని అడుగుతారు. ఈ చుట్టుపక్కల చూడటానికి ఏమీ లేదంటాను. వాళ్లు నమ్ముతారు. నేను దేనికీ ఆనందపడని మనిషినని వాళ్ల అభిప్రాయం. మా అమ్మాయికి కూడా కొన్ని రోడ్లు చూపించలేదు. పోయినవాళ్లను అది వెనక్కి తీసుకురాదని తెలుసు. అయినా నోరు రాదు.

ఈ కాగితాలు చదివిన నా స్నేహితురాలు ఒకటి అడిగింది. పూతలపట్టు రాశావు, భాకరాపేట రాశావు, కోన పేరు ఎక్కడా రాయలేదేం, మరచిపోయావా అని. మరచిపోలేదు. ఇది చదివినవాళ్లలో ఆ వైపు తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే, ఇదేనని పోల్చుకొని ఉంటే, దయచేసి పక్కవాళ్లకు చెప్పకండి.